చెరువు జీవి ఇచ్చిన సాక్ష్యం

జన్యువు ఉంటే సరిపోదు, దాని దగ్గరికి చేరే దారీ ఉండాలి. ఆ దారి తెరిచే ఎంజైము ఎలా దొరికింది?

గురువారం సాయంత్రానికల్లా ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. కణం తన జన్యువులను ఎలా వాడుకుంటుందో రాయాలి. దాన్ని చదివే ఎపిజెనెటిక్స్ పేరు చెప్పి మాత్రలూ, డైట్ ప్లాన్లూ అమ్ముతున్న కాలమిది. ఆ మాటంటేనే నాకు కాస్త అనుమానం. అందుకే ప్రచారం జోలికి పోకుండా, 1995, 1996లలో వెలువడిన రెండు పరిశోధన పత్రాలు ముందేసుకున్నాను. వాటిలో కథానాయిక టెట్రాహైమెనా. మంచినీటి చెరువుల్లో బతికే ఏకకణ జీవి.

ముందు చిక్కేమిటో చూద్దాం. మనిషి కణంలోని డీఎన్‌ఏను సాగదీస్తే సుమారు 2 మీటర్లు. అది కొన్ని మైక్రాన్ల కేంద్రకంలో ఇమడాలి. అందుకే కండెకు దారం చుట్టినట్టు హిస్టోన్లనే ప్రొటీన్లకు చుట్టుకుని ఉంటుంది. ఈ మొత్తం సరంజామానే క్రొమాటిన్. జన్యువును ఆర్‌ఎన్‌ఏగా నకలు తీసే పాలిమరేజ్, చుట్ట బిగిసి ఉన్నచోట పని మొదలుపెట్టలేదు.

చరిత్ర క్లుప్తంగా: అసిటైల్ అనే చిన్న రసాయన గుంపు అతుక్కున్న హిస్టోన్ల దగ్గర నకలు పని పెరగవచ్చని 1964లోనే విన్సెంట్ ఆల్‌ఫ్రే బృందం ఊహించింది. 1974లో రోజర్ కార్న్‌బర్గ్ చుట్ట నిర్మాణాన్ని ప్రతిపాదించారు. ఆ చుట్ట నకలు ఆరంభాన్ని అడ్డుకుంటుందని 1987లో ఆయన, యాలీ లోర్చ్ చూపారు. మరుసటేడు మైకేల్ గ్రున్‌స్టీన్ బృందం ఈస్ట్‌లో హిస్టోన్లను తగ్గిస్తే, ఊరుకున్న జన్యువులు పనిలోకి దిగాయి. కేంద్రకంలో జన్యువుల దగ్గర అసిటైల్‌ను అతికించే ఎంజైము మాత్రం ఎవరికీ చిక్కలేదు.

ఒక కణం, రెండు కేంద్రకాలు

టెట్రాహైమెనా ప్రత్యేకత ఇక్కడే ఉంది. దానికి కేంద్రకాలు రెండు. పెద్దది రోజువారీ పనంతా చూస్తుంది, దాని హిస్టోన్ల నిండా అసిటైలే. చిన్నది సంతానం కోసం దాచిపెట్టిన ప్రతి. మామూలు రోజుల్లో అందులో నకలు పని ఉండదు, అసిటైలూ కనిపించదు. ఎంజైము ఎక్కడ వెతకాలో ఆ జీవే చెప్పినట్టయింది.

మొదటి పత్రం కథ ఇది: డేవిడ్ ఆలిస్ ప్రయోగశాలలో విద్యార్థి జేమ్స్ బ్రౌనెల్ పెద్ద కేంద్రకాల నుంచి ప్రొటీన్లు తీశాడు. వాటిని వేరుచేసే జెల్‌లో ముందే హిస్టోన్లు కలిపి పోశాడు. కరెంటు పెట్టగానే ప్రొటీన్లు పరిమాణం ప్రకారం విడిపోయాయి. వాటిని మళ్లీ పనిచేసే రూపానికి తెచ్చి, జెల్‌ను రేడియోధార్మిక అసిటైల్ ఉన్న ద్రావణంలో నానబెట్టాడు. హిస్టోన్లకు అసిటైల్ అతికించే ప్రొటీన్ ఉన్నచోట ఫిల్ము మీద మచ్చ పడాలి. పడింది, 55 కిలోడాల్టన్ల బరువు దగ్గర, ఒకే ఒక్క పట్టీ.

రెండో పత్రంలో, ఆ ప్రొటీన్‌ను శుద్ధి చేసి, దాని జన్యువును పట్టుకుని చూస్తే, ఈస్ట్‌లో అప్పటికే తెలిసిన జీసీఎన్5 అనే ప్రొటీన్‌కు అది దగ్గరి చుట్టం. ఈస్ట్‌లో జన్యువులను పనిలో పెట్టడానికి తోడ్పడేది అదేనని తెలుసు, ఎలాగో తెలియదు. అసిటైల్ అతికించడం ద్వారానని ఇప్పుడు జవాబు దొరికింది. కొద్ది వారాలకే స్టూవర్ట్ ష్రైబర్ బృందం అసిటైల్‌ను తొలగించే ఎంజైమునూ ప్రకటించింది.

ఇప్పుడు తెలిసిన క్రమం ఇది. డీఎన్‌ఏను గుర్తుపట్టే ప్రొటీన్ ఒకటి జీసీఎన్5 లాంటి ఎంజైమును వెంటబెట్టుకొస్తుంది. అసిటైల్ అతుక్కోగానే హిస్టోన్ల నుంచి బయటికి వేలాడే తోకల ధనావేశం తగ్గి, డీఎన్‌ఏ మీద పట్టు సడలుతుంది. ఆ అసిటైల్‌ను పట్టుకుని వచ్చే మరో ప్రొటీన్ల ముఠా కణం ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి చుట్టను పక్కకు జరుపుతుంది, లేదా ఊడదీస్తుంది. పాలిమరేజ్ ముందుకు సాగుతుంటే, ఫ్యాక్ట్ అనే ప్రొటీన్ల జట్టు ఎదుటి హిస్టోన్లను సడలించి, వెనక మళ్లీ సర్దుతుంది.

బాక్స్: చుట్ట లెక్కలు
• ఒక చుట్ట పేరు న్యూక్లియోజోమ్. అందులో 8 హిస్టోన్లు, వాటి చుట్టూ దాదాపు 1.65 మలుపుల్లో 147 బేస్ జతల డీఎన్‌ఏ.
• దాని సవివరమైన స్ఫటిక చిత్రం 1997లో వెలువడింది.
• ఆలిస్, గ్రున్‌స్టీన్‌లకు 2018లో లాస్కర్ పురస్కారం దక్కింది.

మందు ఉంది, మంత్రం లేదు

ఈ పరిజ్ఞానంతో మందులూ వచ్చాయి. అసిటైల్‌ను తొలగించే ఎంజైములను అడ్డుకునే వోరినోస్టాట్‌కు, చర్మంలో వచ్చే ఒక రకం లింఫోమా క్యాన్సర్ చికిత్స కోసం 2006లో అమెరికా అనుమతి ఇచ్చింది. అదీ ఒక్క జన్యువును ఎంచుకుని పనిచేసేది కాదు. నీరసం, విరేచనాలు, ప్లేట్‌లెట్లు పడిపోవడం లాంటి ఇబ్బందులున్నాయి. కాబట్టి మీ జన్యువులను మారుస్తామంటూ ఎవరైనా డబ్బా చేతిలో పెడితే, ఏ ఎంజైము మీద, ఏ జన్యువు దగ్గర పనిచేస్తుందో చూపమనండి. చూపలేకపోతే కొనకండి.