గూటినుండి జాఱిన పిల్ల

మూడేండ్ల క్రిందట ఆషాఢమాసమున ఒకనాటి మధ్యాహ్నము మా వంటయింటి చూరులోని గూటినుండి గోరువంకపిల్ల యొకటి పెరటిలో జాఱిపడినది. ఒడలెల్ల ఎఱ్ఱని మాంసపుముద్ద. వీపున ఈకల మొలకలు నాలుగు. దేహముకంటె పెద్దదిగా తోచు పసుపుపచ్చని నోరు. మా చిన్నవాడు దానిని దోసిట నెత్తుకొని నాయొద్దకు తెచ్చెను. "మనిషి చెయ్యి తగిలిన పిల్లని తల్లి మళ్ళీ ముట్టదే అమ్మాయీ! ఇక మనమే సాకాలి" అనిరి మా అత్తగారు. నేనును అట్లే నమ్మితిని. అటుకమీదినుండి ఉగ్గుగిన్నె దింపి, ఆవుపాలు గోరువెచ్చగా కాచి, నా బిడ్డలకు పోసినట్లే ఆ నోటిలో కొంచెము కొంచెముగా పోసితిని. గోడమీద తల్లిపక్షి సాయంకాలమువఱకు అఱచుచునే యుండెను. అది పిల్లను పొడుచునేమో యని మా పిల్లలు దానిని తఱిమివేసిరి. తెల్లవాఱునప్పటికి దూదిపఱుపుపై పిల్ల చల్లబడి యున్నది.

ఎత్తునుండి పడుటచే చనిపోయినదని అప్పటికి సమాధానపడితిమి. కొన్ని నెలల తరువాత మా యావును చూడవచ్చిన పశువైద్యులు మాటల సందర్భమున చెప్పినప్పుడుగాని నిజము తెలియలేదు. పక్షులు చన్నుపాలు త్రాగి పెరుగు జాతి కావు గనుక పాలు వానికి అఱుగవు. అంతకంటె పెద్ద ప్రమాదము వేఱొకటి గలదు. పక్షికి నాలుక మొదటనే ఊపిరిగొట్టపు ద్వారమున్నది. మనము పోసిన ద్రవము కడుపునకు పోవుటకు మాఱుగా ఆ దారిని ఊపిరితిత్తులలో చేరును. అనగా ఆ పిల్లను నేను పాలలో ముంచి చంపితిననుట. ఇక చేయి సోకిన పిల్లను తల్లి విడిచిపెట్టుననుట వట్టి మాటయేనట. తల్లి గోడమీద కూర్చుండి అడిగినది తన పిల్లనే, మేము ఈయలేదు.

ఈ సంగతి వ్రాయుటకు సిగ్గగుచున్నది. కాని మన యిండ్లలో ఇట్టి దయ నాయొక్కదాని చేతనే జరుగుచున్నదని నేననుకొనను.

గాయపడిన అడవిప్రాణిని, తల్లినెడబాసిన పిల్లను చేరదీసి, కోలుకొన్న పిమ్మట దాని చోటికి దానిని పంపుట నేడొక శాస్త్రముగా పెరిగినది. దాని మొదటి నియమము వినుటకు కఠినముగా నుండును: ఆ ప్రాణి మనది కారాదు. భాగవతమున పంచమస్కంధములోని భరతుని కథ మనమందఱమును విన్నదే. సింహగర్జనకు బెదరి నదిలోనికి దూకిన లేడి గర్భమునుండి జాఱి, నీట కొట్టుకొనిపోవు పిల్లను ఆ రాజర్షి ఒడ్డునకు చేర్చెను. అంతవఱకు కరుణ. పిదప దానిని ఒడిలో నిద్రపుచ్చి, క్షణము కనబడకున్న కలవరపడి, జపతపములు మఱచి, కడకు దానినే తలచుచు ప్రాణము విడిచి తానే లేడియై పుట్టెను. పురాణము వినునప్పుడెల్ల మనము భరతుని గతికై నిట్టూర్చుదుము. ఆ లేడిపిల్ల గతి యేమైనదని అడిగినవారిని నేను చూడలేదు. మనుష్యుని ఒడిలో పెరిగినదానికి పులివాసన తెలియునా? వేటగాని చూచి పరుగెత్తునా, అన్నము పెట్టునని ఎదురేగునా?

అమెరికాలో వూపింగు క్రేను అను పెద్ద కొంగజాతి నశించిపోవు స్థితికి వచ్చినప్పుడు, దాని పిల్లలను పెంచినవారు తెల్లని ముసుగులు ధరించి, చేతికి కొంగతలవంటి బొమ్మను తొడిగికొని, ఒక్క మాటయు పలుకక ఆహారము పెట్టిరి. పిల్ల కన్ను తెఱచినది మొదలు ఎవరిని చూచునో వారినే తన కులముగా నెంచును గనుక, మనుష్యుని ముఖము దానికి తెలియరాదని వారి పట్టుదల. పెంచిన తల్లికి బిడ్డ మోము చూపు భాగ్యము సయితము లేదు! భరతున కెవరైనను అట్టి ముసుగొకటి ఇచ్చియుండిన కథ వేఱుగా నుండెడిది.

ఇది ఒక్క పిల్ల సంగతి. ఊరినిండ పక్షులే యున్నచోట మనుష్యులెట్లు బ్రదుకుదురో చూడవలెనని నాకు కోరిక పుట్టినది. మావారు తమ పాఠశాల పిల్లలను శ్రీకాకుళము జిల్లా టెక్కలి ప్రాంతమందలి తేలినీలాపురమునకు తీసికొనిపోవునప్పుడు నేనును వెంబడించితిని. ఏటేట వానలు వెనుకబట్టువేళకు ఎఱ్ఱకాళ్ళకొంగలును, గూడబాతులును (వీనినే పెలికానులందురు) ఆ గ్రామమునకు వచ్చి, చింతచెట్లు మొదలగువానిపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని వేసవి ముదురకముందే వెడలిపోవును. ఇవి సైబీరియానుండి వచ్చునని వాడుక. అది సరికాదు, రెండును మన దేశపు పక్షులే. పిల్లలను కనుటకు వచ్చిన ఆడపడుచులని గ్రామస్థులు వీనిని గౌరవింతురు. పక్షులు రాని సంవత్సరము కలిసిరాదని వారి నమ్మకము.

కథలలో వినుటకు ఇది మనోహరముగానే యుండును. ఊరిలో నడచినప్పుడు ముక్కునకు చెంగు అడ్డుపెట్టక తప్పలేదు. ఆకులు రెట్టచే తెల్లబాఱినవి. పిల్లల నోటినుండి జాఱిన చేపలు చెట్లక్రింద కుళ్ళుచున్నవి. ఆరవేసిన బట్టపై ఎప్పుడేమి పడునో తెలియదు. ఇంత కష్టమెట్లు సహింతురని వాకిలి తుడుచుచున్న ఒక ముసలమ్మను అడిగితిని. ఆమె చీపురు ఆపకయే, "కూతురు పురిటికొస్తే ఇల్లు అద్దంలాగ ఉంటాదేటమ్మా?" అన్నది. నాకు మాట తోచలేదు.

అయినను ప్రేమయొక్కటియే చాలదు. 2021వ సంవత్సరాంతమున అదే గ్రామమున నూటికి పైగా గూడబాతులు చెట్లపైనుండి రాలి మరణించెను. పరీక్షింపగా కడుపులో నులిపురుగుల జాతి పరాన్నజీవులు కనబడినవి. తిన్న చేపలవలన అవి సంక్రమించినవని వైద్యుల యభిప్రాయము. పుట్టినింటివారు చెట్లు నఱకలేదు, ఱాయి విసరలేదు. ఆపద చెఱువులలోనుండి వచ్చినది. ఇంతకు పూర్వపు కథయు నొకటి గలదు. పశ్చిమగోదావరిలోని ఆరేడు గ్రామమున గూడబాతుల గొప్ప స్థావరమున్నదని 1946లో కె.కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు లోకమునకు తెలిపెను. 1970 తరువాతి సంవత్సరములలో ఆ స్థావరము శూన్యమైనది.

తేలినీలాపురపు పక్షులు చూచుటకైనను సొగసుగా నుండును. సొగసు లేనివాని గతి యేమి? అస్సామునందు హర్గిలా అను కొంగ గలదు. ఎముకలు మ్రింగునదని ఆ పేరునకర్థము. సుమారు ఐదడుగుల యెత్తు, బట్టతల, మెడక్రింద వ్రేలాడు సంచి. చచ్చిన పశువులను, చెత్తకుప్పలను వెదకుకొని తినును. పెరటిచెట్టుపై నిది గూడు కట్టిన ఇంటివారు అపశకునమని తలచి చెట్టునే కొట్టివేసెడివారు. 2007లో కామరూప జిల్లాలో అట్లు కూలిన చెట్టుక్రింద పడియున్న పిల్లలను పూర్ణిమాదేవి బర్మన్ అను యువతి చూచినది. ఆమె అప్పుడు జీవశాస్త్రమున పరిశోధన చేయుచు, పసిబిడ్డల తల్లియై యున్నది. పరిశోధన కొంతకాలము ప్రక్కనబెట్టి ఊరివారితో మాటలాడబోగా మగవారు పరిహసించిరి. ఆమె వంటయింటి దారి పట్టినది. వంటల పోటీలు పెట్టినది, భజనలలో కూర్చున్నది, గర్భిణికి మనము సీమంతము చేసినట్లు, గూళ్ళు కట్టు ఋతువున ఆ పక్షికి వేడుక చేయించినది. మగ్గముపై నేయు చీరల అంచులలోనికి హర్గిలా బొమ్మ వచ్చినది. నేసినవారికి దానివలన నాలుగు రూకలును వచ్చినవి. ఈ చివరి మాటను చిన్నచూపు చూడరాదు. కడుపు నిండని యింట పక్షికి సీమంతము చేయుమనుట న్యాయము కాదు.

2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆమెను గౌరవించునప్పటికి పదివేలకు మించిన స్త్రీలు ఆ సేనలో చేరియుండిరి. దాదరా, పచరియా, సింగిమారి గ్రామములలో 28గా నుండిన గూళ్ళు 250 దాటినవి. చెట్లక్రింద వలలు కట్టుదురు. జాఱిన పిల్ల నేలను తాకదు. గాయపడినదానిని గౌహతిలోని జంతుప్రదర్శనశాల వైద్యులకు అప్పగించి, కోలుకొన్నపిమ్మట మరల వదలుదురు. ఇంటికి తీసికొనిపోయి పెంచుకొనరు.

పెంచుకొనుట యనగా జ్ఞాపకము వచ్చినది. రామచిలుకను పంజరమున నుంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత నేరము. మన కావ్యములలో చిలుకలేని అంతఃపురమే లేదు గదా యని నేనును వాదించి చూచితిని. చట్టము కావ్యములను లక్ష్యపెట్టదని మావారి సమాధానము.

మన పెరటిలో పిల్ల కనబడినచో ఏమి చేయవలెనో నేను నేర్చుకొన్నంత చెప్పెదను. ఒడలినిండ ఈకలు వచ్చి గంతులు వేయుచున్నచో అది పడిపోయినది కాదు, ఎగురుట అభ్యసించుచున్నది. పిల్లిని కట్టడిచేసి మనము లోనికి పోవుటయే సాయము. ఈకలు రానిదైనచో గూటిలోనే పెట్టవలెను. గూడు అందనిచో చిన్న వెదురుబుట్టలో ఎండుగడ్డి పఱచి, పిల్లను అందుంచి, గూటికి దగ్గఱగా నీడను కట్టవలెను. గాయమున్నచో రంధ్రములు చేసిన అట్టపెట్టెలో, చీకటిలో, సందడి లేనిచోట వెచ్చగా నుంచి పశువైద్యునికిగాని అటవీశాఖవారికిగాని చేర్పవలెను. నోటిలో పాలు వలదు, నీళ్ళు వలదు.

నిరుడు ఆషాఢమున మరల ఒక పిల్ల జాఱినది. ఈసారి మా యత్తగారు నిచ్చెన పట్టుకొనగా నేను చూరునకు బుట్ట కట్టి వచ్చితిని. పిల్లలనందఱను లోపల పెట్టి తలుపు మూసి, కిటికీసందున చూచుచు గంటసేపు నిలుచుంటిమి. తల్లి రెండుమాఱులు వచ్చి బుట్టను చూచి బెదరి పోయినది. "చెప్పానా? రాదు" అనిరి అత్తగారు. మూడవసారి ముక్కున మిడుతతో వచ్చి బుట్ట అంచున వ్రాలి, లోనికి వంగినది. అత్తగారు నా భుజము గట్టిగా నొక్కిరి, మాటలాడలేదు.

ఈ యేడు ఆ చూరులోనే మూడు గోరువంకలు కాపురమున్నవి. మా యత్తగారు ముంగిట ఆరబోసిన నూకలకడ కఱ్ఱ పట్టుకొని కూర్చుండి, ప్రొద్దు గ్రుంకువఱకు వానిని తిట్టుచునే యున్నారు.