జేబులో పడిన అల్లెతాడు

ఏమర్రా, సెల్లు ఛార్జింగు పెట్టేటప్పుడు కార్డ్, కార్డ్ అంటుంటారు కదా, ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? పేగులో! పాతకాలం గ్రీకులు గొర్రె పేగుల్ని శుభ్రం చేసి, మెలిపెట్టి, వాయిద్యాలకి తీగలుగా బిగించేవారు. పేగుకీ తీగకీ వాళ్ల భాషలో ఒకటే పేరు, ఖోర్డే. అది లాటిన్, ఫ్రెంచి మీదుగా పాకుతూ వచ్చి ఇంగ్లీషులో తాడైంది. మీ లెక్కల పుస్తకంలో వృత్తం మీది రెండు బిందువుల్ని కలిపే గీత లేదూ, దాని ఇంగ్లీషు పేరూ ఇదే. మధ్యలో ఓ హెచ్ తగిలించారంతే.

తెలుగు మీడియంలో దాన్ని జ్యా అంటారు. జ్యా అంటే అల్లెతాడు. పక్కనున్న చాపం విల్లు. ఇక్కణ్ణుంచే ఉంది గమ్మత్తు. ఆర్యభటుడు 499లో ఈ జ్యాలో సగం, అంటే అర్ధజ్యా, తీసుకుని పట్టిక కట్టాడు. వాడగా వాడగా అర్ధ ఊడిపోయి జ్యా, జీవా అని మిగిలాయి. అరబ్బులు దాన్ని జీబ అన్నారు. వాళ్ల రాతలో అచ్చుల గుర్తులు మామూలుగా పెట్టరు కనక, తర్వాతివాళ్లు అదే మాటని జైబ్ అని చదివారు. అంటే అంగీకి గుండెల దగ్గరుండే మడత. మన చొక్కా జేబూ ఆ మాటే! 12వ శతాబ్దంలో లాటిన్ పండితులు మడతకి తమ మాట సైనస్ అని పెట్టారు. మీరు వల్లెవేసే సైన్ తీటా అదేనర్రా.

తాడు లెక్కల పుస్తకంలోకి ఊరికే రాలేదు. మన కోనసీమ అగ్రహారాల్లో వేదం చదువుకున్నవాళ్లని అడగండి, ఎక్కువమంది ఆపస్తంబ సూత్రం అంటారు. ఆ ఆపస్తంబుడి పేరుమీదే ఒక శుల్బసూత్రం ఉంది. శుల్బం అంటే తాడు. యజ్ఞవేదికి మూలలు తిన్నగా ఎలా తీయాలో అందులో ఉంది. 36 అడుగుల దూరంలో రెండు మేకులు పాతాలి. 54 అడుగుల తాడు తీసుకుని, ఒక కొసనుంచి 15 దగ్గర గుర్తు పెట్టి, కొసలు రెండూ మేకులకి కట్టాలి. గుర్తు దగ్గర పట్టుకుని పక్కకి బిగలాగితే, ఒక పక్క 15, రెండో పక్క 39. పదిహేను వర్గం 225, ముప్పయ్యారు వర్గం 1296, కలిపితే 1521, సరిగ్గా ముప్పైతొమ్మిది వర్గం! దగ్గరి మేకు దగ్గర మూలమట్టం పెట్టినట్టు లంబకోణం కుదురుతుంది. పునాదికి ముగ్గు పోసేముందు మేస్త్రీ 3, 4, 5 అంటూ దారం లాగేదీ ఇదే లెక్క.

అయితే మన కొబ్బరి తాడు మాత్రం ఈ పనికి తేకండి. పీచులో సెల్యులోజు పోగులు బాగా ఏటవాలుగా, స్ప్రింగు చుట్టల్లా ఉంటాయి, అందుకని లాగితే సాగుతుంది. పైగా లిగ్నిన్ ఎక్కువ, ఉప్పునీళ్లలో కూడా తొందరగా కుళ్లదు. రేవులో పడవ కట్టడానికి అది బాగా పనికొస్తుంది, అల కొట్టినప్పుడల్లా కాస్త సాగి మళ్లీ సర్దుకుంటుంది. కొలతకి ఆ గుణమే చేటు. మీరు చేసి చూడాలంటే సాగని దారం తెచ్చుకోండి. 54 అడుగులు పరచడానికి పెరడు చాలదంటారా, మేకుల మధ్య 4 అడుగులు, దారం 8, గుర్తు 3 దగ్గర.