మీకు తెలుసా? బోల్టు పట్టు, జిగురు ఆయుష్షు

■ బిగించిన బోల్టు సాగుతుంది. సాగకపోతే దానికి పట్టే లేదు. 12 మిల్లీమీటర్ల లావున్న ఉక్కు బోల్టుతో 60 మి.మీ. మందం ఉన్న పలకల జతను సరిగ్గా బిగిస్తే, బోల్టు సుమారు 0.13 మి.మీ. పొడవు పెరుగుతుంది. కంటికి ఆనని ఆ సాగుడే వెనక్కి లాగుతూ పలకలను దాదాపు 4 టన్నుల బలంతో నొక్కి పట్టుకుంటుంది. ఎద్దులబండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించడం చూసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. పట్టాను ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్లు పోస్తారు. చల్లారే పట్టా కుదించుకుపోవాలని చూస్తుంది, చక్రం అడ్డుపడుతుంది. ఆ పెనుగులాటే చెక్క ముక్కలన్నిటినీ ఒక్కటిగా పట్టి ఉంచుతుంది. బోల్టు చేసేదీ అదే పని.

పలకలు పక్కకు జారకుండా ఆపేది బోల్టు కాడ అని చాలామంది అనుకుంటారు. గట్టిగా బిగించిన చోట కాడ రంధ్రం అంచుకు తగలను కూడా తగలదు. పలకల మధ్య రాపిడే భారం మోస్తుంది.

■ బాగా బిగించిన బోల్టే ఎక్కువ కాలం బతుకుతుంది. పలకలను విడదీయడానికి బయటి నుంచి లాగినప్పుడు, ఆ లాగుడులో ఎక్కువ భాగం నొక్కుడు పడివున్న పలకలను కాస్త సడలించడానికే ఖర్చవుతుంది. బోల్టుకు చేరేది కొంత భాగమే. అదే బోల్టు వదులుగా ఉంటే ప్రతి లాగుడూ పూర్తిగా దాని మీదే పడుతుంది. ఇంజిన్ నిమిషానికి కొన్ని వేలసార్లు లాగి వదులుతుంటే ఏ ఉక్కయినా అలసిపోతుంది, చిన్న పగులు పుడుతుంది, ఒకరోజు తెగుతుంది. తెగుతుందేమోనన్న భయంతో తక్కువ బిగించడమే దాన్ని తెగేలా చేస్తుంది.

■ స్పానర్ మీద మీరు పెట్టే శ్రమలో పదో వంతే బోల్టును సాగదీస్తుంది. దాదాపు సగం నట్టు అడుగున రాపిడికి, ఇంచుమించు నలభై శాతం మరచుట్ల రాపిడికి పోతుంది. అందుకే టార్క్ రెంచ్ చూపించే అంకెను గుడ్డిగా నమ్మకూడదు. తుప్పు పట్టిన చుట్లయితే అంకె వచ్చినా పట్టు రాదు. నూనె రాసిన చుట్లయితే అదే అంకెకు బోల్టు అనుకున్నదానికన్నా బాగా ఎక్కువ సాగిపోతుంది. కారు చక్రాల నట్లకు గ్రీజు రాయొద్దని తయారీదారులు చెప్పేది ఇందుకే.

■ మీ బండి దగ్గరికెళ్లి ఒక బోల్టు తల మీద చూడండి. 8.8 అనో 10.9 అనో అచ్చు ఉంటుంది. మొదటి అంకెను వందతో గుణిస్తే చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్ల దగ్గర తెగుతుందో తెలుస్తుంది: 8 అంటే 800. చుక్క తర్వాతి 8 అంటే, అందులో 80 శాతం దాటాక, అంటే 640 దగ్గర, బోల్టు మళ్లీ మొదటి పొడవుకు రానంతగా సాగిపోతుందని అర్థం. అచ్చే లేని బోల్టు బలం ఎంతో ఎవరికీ తెలియదు. భారం మోసే చోట దాన్ని పెట్టకండి.

■ నట్టులో ఎన్ని చుట్లు ఉన్నా, మొత్తం భారంలో సుమారు మూడో వంతు మొదటి చుట్టే మోస్తుంది. కాబట్టి నట్టును రెట్టింపు ఎత్తు చేసినా బలం రెట్టింపు కాదు.

■ పొట్టి లావు బోల్టు కంటే పొడుగు సన్నటి బోల్టు తన బిగింపును బాగా నిలుపుకుంటుంది. ఎంత నున్నగా కనిపించే లోహానికైనా పైన సూక్ష్మమైన గుట్టలుంటాయి. బిగించాక అవి నలిగి కొన్ని మైక్రాన్లు చదునవుతాయి. 60 మి.మీ. పొడవున 0.13 మి.మీ. సాగిన బోల్టుకు వందో వంతు మిల్లీమీటరు పోతే పట్టులో 8 శాతం తగ్గుతుంది. అదే బోల్టు 15 మి.మీ. మందాన్నే పట్టి ఉంటే సాగింది 0.03 మి.మీ. మాత్రమే. అప్పుడు అదే నలుగుడు మూడో వంతు పట్టును తినేస్తుంది.

■ సైకిల్ ఎడమ పెడల్‌కు ఉల్టా చుట్లుంటాయి. కాలి భారం ఇరుసు చుట్టూ తిరుగుతూ ఉంటే, రంధ్రంలోని వెంట్రుకవాసి సందులో ఇరుసు దొర్లుతూ వ్యతిరేక దిశలో మెల్లగా తిరుగుతుంది. మామూలు చుట్లయితే ఎడమ పెడల్ దానంతటదే ఊడి వచ్చేది.

■ నట్లను ఎక్కువగా వదులు చేసేది అడ్డంగా వచ్చే కుదుపు. గెర్హార్డ్ యుంకర్ అనే ఇంజినీరు 1969లో దీన్ని ప్రయోగంతో చూపించాడు. బిగించిన పలకలు పక్కకు కొద్దిగా జారేలా యంత్రంతో కదిలిస్తూ, బోల్టులో పట్టు ఎంతుందో కొలుస్తూ పోయాడు. జారిన ప్రతిసారీ చుట్ల మధ్య రాపిడి క్షణకాలం సడలుతుంది, నట్టు దానంతటదే వెనక్కి తిరుగుతుంది. ఈ తరహా పరీక్షల్లో స్ప్రింగ్ వాషరు పెద్దగా కాపాడలేదు. పూర్తిగా బిగించాక అది చదునైపోయి మామూలు వాషరులాగే మిగులుతుంది. మన వర్క్‌షాపుల్లో ఇప్పటికీ దాని మీద ఉన్న నమ్మకం చూస్తే బాధేస్తుంది. జారుడు లేకుండా బిగించడం, లేదంటే చుట్ల మధ్య జిగురు వేయడం అంతకన్నా ఎంతో మేలు.

■ ఆ జిగురు సీసాను సగానికి సగం ఖాళీగా అమ్ముతారు. కొనేవాళ్లను మోసం చేయడానికి కాదు, అందులో గాలి ఉండాలి. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో, ట్రినిటీ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన వెర్నన్ క్రీబుల్ 1950లలో దీన్ని తయారుచేశాడు. లాక్‌టైట్ పేరుతో లోకమంతా తెలిసింది. ఆక్సిజన్ తగిలినంత కాలం ద్రవంగానే ఉంటుంది. నట్టు ఎక్కించి గాలిని బయటికి నెట్టేస్తే, లోహం తగిలి గట్టిపడిపోతుంది. ఎర్ర రకం వేసిన నట్టును విప్పాలంటే సుమారు 250 డిగ్రీల వేడి పెట్టాల్సిందే.

■ 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,300 అడుగుల ఎత్తున ఉండగా కాక్‌పిట్ అద్దం ఊడిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి లాగేయబడ్డాడు. సహ పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించేదాకా సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వదల్లేదు. ఆయన బతికాడు. ఆ అద్దాన్ని ముందురోజే మార్చారు. 90 బోల్టుల్లో 84 లావులో సుమారు 0.66 మి.మీ. తక్కువ, మిగతా 6 పొడవులో 2.5 మి.మీ. తక్కువ. పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చి ఎంచినవి. చుట్లు సరిగా పట్టని బోల్టు కూడా బిగిసినట్టే అనిపిస్తుంది. అదే ఇందులోని అసలు ప్రమాదం.

■ కొన్ని బోల్టులు బిగించిన కొన్ని రోజులకు, ఏ అదనపు భారమూ లేకుండానే తెగుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి కొత్త భాగంలో 2013 మార్చిలో 96 లంగరు కడ్డీలను బిగిస్తే, రెండు వారాల్లోపే 32 విరిగాయి. చాలా గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడితే అది పెళుసుబారుతుంది. కడ్డీలు అంతకుముందు ఏళ్ల తరబడి వాననీళ్లు నిలిచిన గొట్టాల్లో ఉన్నాయి. బలం ఎక్కువ కదా అని 12.9 బోల్టును తడి తగిలే చోట వాడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

■ ఇక జిగుర్ల సంగతి. పరీక్షశాలల్లో వాడే మామూలు నమూనాలో రెండు అల్యూమినియం పట్టీలను 25 మి.మీ. వెడల్పున, 12.5 మి.మీ. మేర ఒకదాని మీద ఒకటి అంటిస్తారు. బొటనవేలి గోరంత చోటు. మంచి ఎపాక్సీ అయితే, పొడవునా లాగినప్పుడు 600 కిలోల పైన నిలుస్తుంది. అదే అతుకును ఒక అంచు నుంచి పైకి లేపి ఒలిచినట్టు లాగితే చేతి బలానికే విడిపోవచ్చు. ఒలిచేటప్పుడు భారమంతా సన్నటి గీత మీద పడుతుంది, మిగతా జిగురు ఊరకే చూస్తూ ఉంటుంది. లోటస్ ఎలీజ్ కారు అల్యూమినియం చట్రాన్ని 1990లలో జిగురుతోనే అతికించారు గానీ, ఒలుపు మొదలవకుండా మరలు కూడా దిగగొట్టారు.

పొడవునా లాగినా భారం సమానంగా పంచుకోదు. రెండు కొసల్లోనే గుమిగూడుతుందని 1938లో ఫోల్కర్సన్ అనే పరిశోధకుడు లెక్కగట్టి చూపించాడు. అతుకు పొడవు రెట్టింపు చేస్తే బలం రెట్టింపు కాదు, వెడల్పు రెట్టింపు చేస్తే అవుతుంది. జిగురు మందంగా పూసినా లాభం లేదు. ఎక్కువ ఎపాక్సీలకు ఒకటి రెండు పదో వంతుల మిల్లీమీటరు పొర చాలు.

■ ఫెవిక్విక్ లాంటి జిగురును గట్టిపరిచేది గాల్లోని, వస్తువు పైనున్న తేమ. కొడాక్‌లో పనిచేసిన హ్యారీ కూవర్ 1942లో తుపాకీ గురి పరికరాలకు ప్లాస్టిక్ వెతుకుతూ ఈ పదార్థాన్ని చూశాడు. అన్నిటికీ అంటుకుపోతోందని పక్కనబెట్టాడు. 1951లో మళ్లీ తగిలింది, 1958లో మార్కెట్‌కు వచ్చింది. పట్టు క్షణాల్లో వస్తుంది. కానీ దెబ్బకు, ఒలుపుకు, 80 డిగ్రీల వేడికి ఓర్చుకోదు.

■ అంటించే ముందు మీ ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. ఎమరీ పేపరుతో రేకును రుద్ది, తుడిచి, నీళ్లు చిలకరించండి. నీళ్లు విడిపోకుండా పలచటి పొరలా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు. చుక్కలు చుక్కలుగా ముడుచుకుంటే జిడ్డు మిగిలి ఉంది, మళ్లీ రుద్దాలి. పరుచుకున్నాక పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు జిగురు రాయండి. తప్పు జిగురు ఎంచినందువల్ల విడిపోయే అతుకుల కంటే, ఈ శుభ్రం దగ్గర అశ్రద్ధ వల్ల విడిపోయేవే ఎక్కువని నా నమ్మకం.

■ గది వేడిమిలో గట్టిపడే చాలా ఎపాక్సీలు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలెడతాయి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్న ఇనప రేకు ఆ వేడిని దాటేస్తుంది. డిసెంబరులో అతికించి బాగుందనుకున్నది వేసవిలో జారడానికి కారణం అక్కడుంది.

■ 2006 జూలై 10న అమెరికాలోని బోస్టన్‌లో ఒక సొరంగ మార్గం కప్పు నుంచి సుమారు 26 టన్నుల కాంక్రీటు పలకలు ఊడి కారు మీద పడ్డాయి. అందులో ఉన్న మహిళ చనిపోయింది. పలకలను మోసే బోల్టులను కప్పులోని రంధ్రాల్లో ఎపాక్సీతో అతికించారు. బోల్టులు తెగలేదు, కాంక్రీటు పగల్లేదు. బిగించిన రోజు లాగి చూస్తే నిలిచాయి. వాడింది త్వరగా గట్టిపడే రకం ఎపాక్సీ. ఆగకుండా వేలాడే బరువు కింద అది ఏళ్ల తరబడి, కనీకనిపించనంత నెమ్మదిగా సాగుతూ బోల్టులను జారవిడిచింది. దీన్ని ఇంజినీర్లు క్రీప్ అంటారు. పెట్టిన రోజు పరీక్షలో తేలేది బలం ఒక్కటే. మన్నికను వేరే పరీక్షల్లో, ఓపికగా చూడాలి. ఆ ఓపిక లేకపోవడం ఒక ప్రాణం తీసింది.

■ విమానయానంలో జిగురు మన్నిక పాఠం అంతకన్నా ముందే వచ్చింది. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు 24,000 అడుగుల ఎత్తున 18 అడుగుల మేర ఎగిరిపోయింది. విమాన సిబ్బందిలో ఒకామె మరణించింది. పైలట్లు మిగతా అందరితో విమానాన్ని మావీ దీవిలో దించారు. 1969లో తయారైన ఆ విమానం 89,680 సార్లు ఎగిరి దిగింది.

తొలి 737లలో రేకుల అతుకులకు ఎపాక్సీ నింపిన పలచటి గుడ్డ వాడేవారు. దాన్ని చల్లగా నిలవ చేయాలి. బయటికి తీసినప్పుడు దాని మీద తేమ పేరుకుంటే అంటు సరిగా కుదరదు. కుదరని చోట సముద్రపు ఉప్పు తేమ చేరింది, తుప్పు పట్టింది, జిగురు వదిలింది. జిగురు మోయాల్సిన భారం రివెట్ల మీద పడింది. తల లోపలికి దిగేలా రేకును లోతుగా చెక్కడంతో రంధ్రం అంచులు కత్తిలా పలచబడి ఉన్నాయి. విమానంలోకి గాలి నింపిన, దించిన ప్రతిసారీ అక్కడ పగుళ్లు పుట్టి, వరసగా ఉన్నవన్నీ ఒకదానితో ఒకటి కలిశాయి. జిగుర్ల మన్నికను కొలిచే పద్ధతులు అవసరమయ్యేది ఇందుకే. అతికించిన రెండు అల్యూమినియం పట్టీల మధ్య చీలిక కొట్టి, వేడి తేమ గదిలో ఉంచి, పగులు ఎంత ముందుకు పాకిందో చూసే పరీక్ష అలాంటిదే.

■ జిగురు, బోల్టు కలిపి వేస్తే రెండింటి బలమూ కూడుకుంటుందనుకోవద్దు. జిగురు బిగుసుగా ఉంటుంది. రంధ్రంలో కాస్త సందుతో ఉన్న బోల్టు, జిగురు తెగేదాకా పక్కకు వచ్చే భారాన్ని అందుకోదు. అయినా ఈ జంటకు మంచి చోటు మన రైలు పట్టాల మీద ఉంది. సిగ్నల్ వ్యవస్థ కోసం పట్టాను కరెంటు దాటకుండా ముక్కలుగా విడదీయాలి. అక్కడ వేసేది గ్లూడ్ జాయింట్. రెండు పట్టాల కొసల మధ్య కరెంటు పారని పలక పెట్టి, కొసలను పక్కల నుంచి కలిపే ఫిష్ ప్లేట్లకు ఎపాక్సీ పూసి, గాజుగుడ్డ వేసి బోల్టులు బిగిస్తారు. మీటరుకు 60 కిలోల పట్టా కదలకుండా ఉంటే ఒక్కో డిగ్రీ వేడి తేడాకు సుమారు 1.9 టన్నుల బలం పుడుతుంది. 30 డిగ్రీల తేడాకు 55 టన్నుల పైన. చలికాలపు రాత్రి అంత బలంతో పట్టా కొసలు విడిపోవాలని లాగుతుంటే, మామూలు ఫిష్ ప్లేటు అతుకు జారేది. జిగురు జారనివ్వదు, బోల్టుల నొక్కుడు జిగురును ఒలవనివ్వదు. ఎక్కడైనా జిగురు విడి నీరు చేరితే కరెంటు దాటిపోతుంది, ట్రాక్ ఖాళీగా ఉన్నా రైలు ఉన్నట్టే చూపించి సిగ్నల్ ఎరుపులో ఆగుతుంది. స్పానర్ భుజాన వేసుకుని తన బీటంతా నడిచే కీమ్యాన్ ఈ అతుకుల దగ్గర ప్రత్యేకంగా ఆగి బోల్టులు చూసుకునేది అందుకే.

■ అనంతపురం, కర్నూలు గుట్టల మీద తిరిగే గాలిమరల రెక్కల్లోనూ జిగురు, బోల్టు రెండూ ఉన్నాయి. రెక్క రెండు డొల్లలుగా తయారై, అంచుల పొడవునా జిగురుతోనే ఒక్కటవుతుంది. మొదలు దగ్గర మాత్రం డజన్ల కొద్దీ బోల్టులతో ఇరుసు భాగానికి కలుస్తుంది. ఆ బోల్టులను మొదటి కొన్ని వందల గంటలు తిరిగాక మళ్లీ టార్క్ పెట్టి చూస్తారు, లోహపు సూక్ష్మ గుట్టలు నలిగి పోయిన పట్టును తిరిగి తెచ్చుకోవడానికి.