మెయిన్ స్విచ్ ఎవరికి అప్పజెప్పారు?

కోరుట్ల, జగిత్యాల, మెట్‌పల్లి దిక్కు గల్ఫ్ ప్రయాణమంటే ఇల్లంతా కదిలే పని. ఒకప్పుడు బొంబాయి బస్సెక్కి అక్కడి నుంచి విమానం పట్టేవాళ్లు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక రాత్రికి రాత్రే కారు కట్టుకుని బయల్దేరుతున్నారు. వెళ్లేముందు రోజు మామిడికాయ తొక్కు, సకినాలు, కారంపొడి సర్ది, సంచి బరువు పెరిగిందేమోనని రెండుసార్లు తూకం వేస్తారు. ఎవరికి ఎంత మిత్తి కట్టాలి, పొలం ఎవరికి కౌలుకిచ్చాం, పిల్లల ఫీజు ఎప్పుడు కట్టాలి, అన్నీ భార్యకు అప్పజెప్తారు.

ఒక్కటి మాత్రం చాలా ఇళ్లలో అప్పజెప్పరు. కరెంటు మెయిన్ ఎక్కడుంది, మోటారు వైరు ఏ గోడ మీదుగా పోయింది, సిలిండర్ రెగ్యులేటర్ ఎలా విప్పాలి, ఇనుప తలుపుకు లోపలి తాళం ఎలా పడుతుంది? ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి చూసింది గల్ఫ్‌కు పోయే ఆ ఇంటాయనే. సెలవుకొచ్చినప్పుడల్లా తీగలు అతికింది, ఫ్యూజు వేసింది అతనే. అతను మస్కట్‌లోనో దుబాయిలోనో ఉంటాడు. ఇంట్లో ఉండేది భార్య, ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు. ఇంటి గురించి తెలిసిన మనిషి ఇంట్లో లేకపోవడమే మా వైపు ఇళ్లకున్న అన్నింటికంటే పెద్ద ప్రమాదమని నేను అనుకుంటున్నాను.

ముందు దండెం సంగతి చెప్పాలి. వానాకాలం వస్తే ఉత్తర తెలంగాణలో ఏదో ఒక ఊరి నుంచి ఆ వార్త వస్తూనే ఉంటుంది. 2022 జులైలో, గోదావరి పొంగిన ఆ వానల రోజుల్లో, కామారెడ్డి బీడీ వర్కర్స్ కాలనీలో బట్టలు ఆరేసే తీగకు కరెంటొచ్చి ఒకే ఇంట్లో నలుగురు చనిపోయారు. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. ఈ ప్రమాదాలు ఇంటిల్లిపాదినీ తీసుకుపోవడానికి ఒక కారణం ఉంది. పట్టుకున్న మనిషి విడిపించుకోలేడు, చూసిన మనిషి ఆగలేడు. కళ్ల ముందు బిడ్డ గిలగిలా కొట్టుకుంటుంటే చెయ్యి వేయకుండా ఉండే తల్లి ఎక్కడుంటుంది? అందుకే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. ఆ నిమిషంలో ఆలోచించడం ఎవరి తరమూ కాదు.

దండెంలోకి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు గాలికి తెగకుండా పక్కన ఒక ఇనుప తీగను ఆసరాగా కడతారు. ఆ తీగ కొస ఇంటి ముందు పాతిన ఇనుప గొట్టానికో, రేకుల షెడ్డుకో చుట్టి ఉంటుంది. దండెం కొస కూడా చాలాసార్లు అదే గొట్టానికి కడతాం. ఎండకు, వానకు వైరు పైతొడుగు పెళుసుబారుతుంది. గాలికి ఇనుప తీగతో ఒరుసుకుని ఒకచోట పగులుతుంది. ఎండాకాలమంతా ఏమీ కాదు. ముసురు పట్టాక, తడి బట్ట చేతిలో, తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడ్డ మనిషి గుండా ఆ కరెంటు భూమిలోకి దారి వెతుక్కుంటుంది.

"ఎంసీబీ పెట్టించాం కదా, అదే పడిపోతుంది" అంటారు చాలామంది. ఇక్కడ లెక్క తెలుసుకోవాలి. ఇళ్లలో ఉండే ఎంసీబీ పదహారు ఆంపియర్లకో, ముప్పై రెండుకో పెట్టింది. వైర్లు వేడెక్కి కాలిపోకుండా చూడటం దాని పని. మనిషి ప్రాణానికి ముప్పు రావడానికి 30 మిల్లీఆంపియర్లు చాలు. పదహారు ఆంపియర్లంటే దానికి 500 రెట్లకు పైనే. మనిషి చనిపోతున్నా ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. మనిషిని కాపాడటానికి చేసిన పరికరం వేరే ఉంది, దాన్ని ఆర్‌సీసీబీ అంటారు. ఇంట్లోకి వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది అనుక్షణం పోల్చి చూస్తుంటుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వచ్చిందంటే ఆ కరెంటు ఏదో తప్పు దారిన భూమిలోకి పోతోందని అర్థం. రెప్పపాటులో ఆపేస్తుంది. గచ్చుకు, టైల్స్‌కు, గేటు మీద సింహాల బొమ్మలకు పెట్టే ఖర్చులో చిన్న ముక్క దీనికి పెడితే చాలు. ఇళ్లు కట్టుకునే ప్రతి ఒక్కరినీ చేతులు పట్టుకుని అడగాలనిపిస్తుంది నాకు.

అయితే ఆర్‌సీసీబీ గానీ మెయిన్ స్విచ్ గానీ వాటి తర్వాత ఉన్న కరెంటునే ఆపగలవు. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే వైరు మీద వాటికి పట్టు లేదు. దండెంలోకి కరెంటు అక్కడి నుంచే వచ్చిందనుకోండి, మెయిన్ ఆపినా దండెంలో కరెంటు పోదు. కాబట్టి దండేనికి ఇనుప తీగే వద్దు. నైలాన్ తాడు కట్టండి, దాన్ని కరెంటు గొట్టానికి కాకుండా వేరే కర్రకు కట్టండి. సర్వీసు వైరు పగిలినట్టు కనిపిస్తే లైన్‌మన్‌కు చెప్పండి, 1912కు ఫోన్ చేయండి. ఎవరైనా పట్టుకుపోతే ముందు మెయిన్ ఆపండి. అది సరిపోకపోవచ్చు గనుక ఉత్త చేత్తో మనిషిని తాకకుండా, ఎండిన చెక్క మీదో ప్లాస్టిక్ కుర్చీ మీదో నిలబడి, ఎండిన కర్రతో విడదీయండి. తర్వాత 108. ఊపిరి ఆగి ఉంటే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు.

సిరిసిల్లలో కరెంటు ఇంటికి వెలుగే కాదు, బువ్వ కూడా. సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగితే ఆ వీధికి పని లేదని అర్థం. చాలా ఇళ్లలో సాంచెలు నడిచే షెడ్డుకూ, పిల్లలు పడుకునే గదికీ మధ్య ఒక్క గోడే ఉంటుంది. నూలు దుమ్ము స్విచ్‌బోర్డుల లోపల, మోటార్ల మీద పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వకు అంటుకునేది ఆ దుమ్మే. పైగా ఆ చప్పుడులో పక్క గదిలో పిల్ల అరిచినా వినపడదు. సిరిసిల్ల వాళ్లకు ఒక వసతి ఉంది. అక్కడ కరెంటు ఇచ్చేది 1970లో మొదలైన సహకార సంఘం, అందరూ 'సెస్' అనే పిలుస్తారు. వినియోగదారులే సభ్యులు, పాలకవర్గాన్ని ఓటేసి ఎన్నుకునేదీ వాళ్లే. వంగిన స్తంభం గురించి, వేలాడే వైరు గురించి గట్టిగా అడిగే హక్కు వాళ్లకు అందరికంటే ఒక పాలు ఎక్కువ.

ఎండాకాలంలో కూలర్‌తోనూ కరెంటు ప్రమాదమే. 45 డిగ్రీలు దాటే ఊళ్లు మావి, కూలర్ లేకుండా పడుకోలేం. ఇనుప డబ్బా, లోపల నీళ్లలో మునిగిన మోటారు, బకెట్‌తో నీళ్లు పోసే పిల్లవాడు. ప్లగ్గు పీకాకే నీళ్లు పోయాలి. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గే పీకాలి.

గ్యాసు వైపు వస్తే, 1999లో దీపం పథకంతో ఎన్నో పేద ఇళ్లకు మొదటిసారి సిలిండర్ వచ్చింది. అంతకుముందు కట్టెల పొయ్యి ముందు కూర్చున్న అవ్వలకు పొగ తెలుసు, నిప్పు తెలుసు. కంటికి కనపడని గ్యాసు కొత్తది. వంటగ్యాసు గాలికంటే బరువు. పొగలా పైకి పోదు, నీళ్లలా నేలమీద పరుచుకుంటుంది. గదిలో గాలిలో రెండు శాతం కలిసినా అంటుకోగలదు. దానికి సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియాలని కుళ్లిన కోడిగుడ్డులాంటి కంపు కలుపుతారు. ఆ కంపు కొట్టినప్పుడు మనం అలవాటుగా చేసే పని లైటు వేయడం. చేయకూడని పనీ అదే. వేయొద్దు, వెలుగుతుంటే ఆపొద్దు, ఫ్యాను ముట్టొద్దు, ఫ్రిజ్ తెరవొద్దు. రెగ్యులేటర్ ఆపి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి బయటికి వచ్చేయాలి. బయటికొచ్చాకే 1906కు ఫోన్. అదే గ్యాసు లీకుల కోసం పెట్టిన నంబరు. రబ్బరు పైపును ఐదేళ్లకోసారి మార్చాలి. సెలవు మీద వచ్చే మనిషి తేదీ చూసి మార్చగలిగిన చిన్న పని ఇది.

కరెంటు, గ్యాసే కాదు, ఇంట్లో విషాలూ ఉంటాయి. బీడీలు చుట్టే ఇళ్లలో చాట ఒడిలో ఉంటుంది, పాకే పిల్ల పక్కనే ఉంటుంది. తంబాకు పిల్లల నోట్లోకి పోతే అది విషం. వాంతులు, చొంగ, ఒళ్లు చల్లబడటం కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయొద్దు. పొలం మందుల సంగతీ అంతే. మిగిలిన గడ్డిమందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టడం మాకు అలవాటు. పారాక్వాట్ అనే గడ్డిమందుకు విరుగుడు లేదు, ఒక్క గుక్క చాలు. ఆ సీసా ఇంట్లోకే రాకూడదు. వానాకాలంలో నేలమీద పడుకునేవాళ్లను కట్లపాము కరిస్తే నొప్పి కూడా తెలియదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. పరుపు కిందికి మడిచి పెట్టిన దోమతెర మంచి కాపలా. మంత్రం దగ్గర కాలం పోగొట్టొద్దు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పెద్దాసుపత్రి ఇప్పుడు దూరం కాదు.

ఇక దొంగల మాట. గల్ఫ్ పైసలతో కొన్న బంగారం ఇంట్లో ఉంటుందని వాళ్లకు తెలుసు. ఇంట్లో మనుషులు లేరని మాత్రం మనమే చెప్తాం. మా ఊళ్లలో పొద్దున్నే సాన్పి చల్లి ముగ్గేయని వాకిలి ఒక్కటే ఉందంటే ఆ ఇల్లు ఖాళీ అని అర్థం. బయటి గొళ్లేనికి వేలాడే పెద్ద తాళం ఆ మాటే చెప్తుంది. సమ్మక్క జాతరకో, పెళ్లికో పోతూ ఫోన్లో పెట్టే స్టేటస్ ఇంకా గట్టిగా చెప్తుంది. పక్కింటి చెల్లెతో వాకిట్లో ముగ్గేయించండి, రాత్రి ఒక లైటు వెలిగేట్టు చూడండి, పోలీస్‌స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. బంగారం బ్యాంకు లాకర్‌లో పెట్టండి.

2018 మే నెల నాకు బాగా గుర్తు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫోన్లలో పుకార్లు పాకి, తెలంగాణలో అమాయకులను కొట్టి చంపారు. జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరా పోలీసులను పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి జనానికి నిజం చెప్పించారు. రాని దొంగ కోసం రాత్రంతా కర్రలు పట్టుకుని మేలుకున్న ఊళ్లలో వచ్చే దొంగకు తలుపు తీసే ఇళ్లూ ఉన్నాయి. నగలకు మెరుగు పెడతామని మధ్యాహ్నం పూట, మగవాళ్లు లేనప్పుడు వచ్చేవాళ్లను తలుచుకోండి. వాళ్ల గిన్నెలో ఉండేది చాలాసార్లు రెండు ఆమ్లాల ద్రావకం, బంగారాన్ని కరిగించగల కొద్ది వాటిలో ఒకటి. పుస్తెలతాడు మెరుస్తూనే తిరిగి చేతికొస్తుంది, తూకం తగ్గి. ఆ కరిగిన బంగారం గిన్నెతో పాటే వెళ్లిపోతుంది.

ఇప్పుడు గిన్నె లేకుండా ఫోన్లోనే వస్తున్నారు. "మీ ఆయన అక్కడ కేసులో ఇరుక్కున్నాడు, వెంటనే డబ్బు పంపండి" అంటే గల్ఫ్ ఇల్లాలి గుండె ఆగినంత పనవుతుంది. భార్యాభర్తలకు మాత్రమే తెలిసిన ఒక మాట ముందే అనుకోవాలి, చిన్నప్పటి ఆవు పేరో, పెళ్లినాటి ముచ్చటో. డబ్బు అడిగినవాళ్లు ఆ మాట చెప్పాలి. 'డిజిటల్ అరెస్ట్' చేశామని ఫోన్లో బెదిరించినా నమ్మొద్దు, అలాంటిది మన చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా అప్పటికప్పుడే 1930కు ఫోన్ చేయాలి. పోయిన డబ్బు ఖాతా నుంచి ఖాతాకు పరుగెడుతుంటుంది, ఎంత తొందరగా చెప్తే అంత ఆపగలరు.

ప్రయాణానికి ముందు సాయంత్రం సంచులు సర్దడం అయ్యాక ఒక అరగంట తీయండి. భార్యను, తల్లిని, పెద్ద పిల్లను మీటరు దగ్గరికి తీసుకెళ్లి మెయిన్ ఆపండి. ఇల్లంతా చీకటి పడనివ్వండి. ఆ చీకట్లో ఒక్కొక్కరినీ చెయ్యి చాపి మెయిన్ పట్టుకుని మళ్లీ వేయమనండి. పిల్లకు అందకపోతే ఎండిన చెక్క పీట అక్కడే ఉంచండి. రెగ్యులేటర్‌ను కూడా ఒక్కొక్కరితో విప్పించి బిగింపించండి. 108, 112, 1906, 1912, 1930 నంబర్లు గోడ మీద పెద్ద అంకెలతో రాయండి. అవ్వకు చదువు రాకపోతే మెయిన్ స్విచ్ పైన గోళ్లరంగుతో ఒక ఎర్ర బొట్టు పెట్టండి. దసరాకు పనిముట్లకు బొట్టు పెట్టిన చెయ్యే ఆమెది, మర్చిపోదు.