సత్యభామ పాత్ర: రంగస్థలం నుండి వెండితెరకు

నాటకం దృశ్యకావ్యం. కవి సృష్టించిన పాత్రకు నటుడు రూపాన్ని, కంఠాన్ని, కదలికను సమకూరుస్తాడు. ఒక్కొక్కప్పుడు ఒక పాత్ర ఒకే నటుని పేరుతో పెనవేసుకొనిపోతుంది. ఆ తరువాత దానిని ధరించేవారు కవి భావాన్ని గ్రహిస్తే సరిపోదు. ప్రేక్షకుల మనస్సులో నిలిచిన పూర్వనటుని రూపాన్ని కూడ ఎదుర్కోవలసి వస్తుంది. తెలుగువారికి సత్యభామ అటువంటి పాత్ర. 1966లో శ్రీకృష్ణ తులాభారం చలనచిత్రంలో ఆ పాత్రను ధరించిన జమున ఎదుర్కొన్న పరీక్ష ఎటువంటిదో పరిశీలిద్దాం.

సత్యభామ సత్రాజిత్తు కుమార్తె. శ్రీకృష్ణుని అష్టమహిషులలో ఒకరు. రూపం, ఐశ్వర్యం, అభిమానం ఆమెకు పెట్టని సొమ్ములు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి నంది తిమ్మన పారిజాతాపహరణ కావ్యంలో ఆమె అలుకను చిరస్మరణీయం చేశాడు. తులాభార కథలో నారదుని మాటలు నమ్మి, వ్రతం పేరుతో ఆమె భర్తనే దానం చేస్తుంది. తిరిగి పొందాలంటే ఆయనకు సరితూగే ధనం ఈయవలసివస్తుంది. భాండాగారంలోని బంగారమంతా తెచ్చి త్రాసులో పోసినా తులాదండం కదలదు. చివరకు రుక్మిణి భక్తితో సమర్పించిన తులసీదళమే శ్రీకృష్ణునికి సరితూగుతుంది. సత్యను కేవలం గర్విష్ఠిగా చూపితే ఈ కథ తేలిపోతుంది. ఆమె గర్వం వెనుక గాఢమైన అనురాగం ఉంది. ఆ అనురాగం వెనుక భర్త మరొకరివాడౌతాడేమోనన్న భయం ఉంది. ఈ మూడింటిని ఒకేసారి పలికించడమే నటనకు పరీక్ష.

ఈ పరీక్షలో అసాధారణ విజయం సాధించినవారు స్థానం నరసింహారావు. 1902లో బాపట్లలో జన్మించిన ఆయన తెనాలిలోని శ్రీరామ విలాస సభ ద్వారా ప్రసిద్ధికెక్కారు. ఆ కాలంలో కులస్త్రీలు రంగస్థలంపై నటించడాన్ని సంఘం అంగీకరించలేదు. సురభి నాటక కుటుంబాలలో స్త్రీలు నటించేవారు. బళ్ళారి రాఘవ వంటి సంస్కారవంతులు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని వాదించారు. అయినా నాటక సమాజాలలో ఎక్కువగా పురుషులే ఆ పాత్రలు ధరించేవారు. సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి వంటి విభిన్న పాత్రలకు స్థానంవారు జీవం పోశారు. భారత ప్రభుత్వం 1956లో ఆయనను పద్మశ్రీతో గౌరవించింది.

తులాభార నాటకానికి ఆయన స్వయంగా వ్రాసుకున్న ‘మీరజాలగలడా’ పాట తెలుగునాట మారుమ్రోగింది. ఆ మాట నిర్మాణాన్ని గమనించండి. ‘మీఱు’ అంటే అతిక్రమించు. ‘చాలు’, ‘కలుగు’ అనే రెండు ధాతువులూ ఇక్కడ సామర్థ్యాన్నే తెలుపుతాయి. ‘మీఱన్’ అనే ద్రుతాంతం తరువాతి ‘చా’ సరళాదేశం వలన ‘జా’ అయింది. చివరి ‘ఆ’ ప్రశ్నార్థకం. ఆ దీర్ఘంలోనే నటునికి కావలసినంత చోటు ఉంది. దానిని ధీమాగా పలికితే గర్వం. చిరునవ్వుతో పలికితే విలాసం. కొంచెం వణికితే శంక. ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అన్నప్పుడల్లా స్థానంవారు అదే పాటను కొత్త అభినయంతో ప్రదర్శించేవారని ప్రతీతి.

అటువంటి పాత్ర జమునకు లభించింది. 1936లో హంపిలో జన్మించిన జమున గుంటూరు జిల్లా దుగ్గిరాలలో పెరిగారు. అది తెనాలికి చేరువలోని ఊరు. బాల్యంలోనే నాటకాలలో నటించి, 1953లో పుట్టిల్లు చిత్రంతో చిత్రరంగంలో ప్రవేశించారు. 1957లో వినాయక చవితి చిత్రంలోనే ఆమె సత్యభామగా కనిపించారు. కాని 1966నాటి చిత్రానికి కథాకేంద్రమే సత్యభామ. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించగా, ఎన్.టి. రామారావు శ్రీకృష్ణునిగా, అంజలీదేవి రుక్మిణిగా నటించారు. పెండ్యాల నాగేశ్వరరావు సంగీతం సమకూర్చారు. స్థానంవారి పాటను ఆ చిత్రంలోనూ ఉంచి పి. సుశీల చేత పాడించారు. అప్పటికి స్థానంవారు జీవించే ఉన్నారు. ఆయన నాటకాన్ని కన్నులారా చూసినవారూ ఎందరో ఉన్నారు. పోలిక తప్పని స్థితి అది.

ఇక్కడ ఒక భేదాన్ని గ్రహించాలి. రంగస్థలంపై నటుడు చివరి వరుసలోని ప్రేక్షకునికి కూడ భావాన్ని అందించాలి. కనుక గొంతు, చేతి కదలిక, నడక కొంత విస్తరించాలి. పురుషుడు స్త్రీ పాత్రను ధరించినప్పుడు ఒయ్యారాన్ని కూడ ప్రయత్నపూర్వకంగా కల్పించుకోవాలి. చలనచిత్రంలో కెమెరా ముఖానికి అతి సమీపంగా వస్తుంది. కంటిరెప్ప వాలినా అది పెద్ద చర్యే. పైగా పాడే గొంతు ఒకరిది, అభినయం మరొకరిది. రంగస్థలంలో మాదిరిగా అభినయాన్ని అప్పటికప్పుడు మార్చే స్వేచ్ఛ తెర మీద లేదు. ఒకసారి చిత్రించినదే శాశ్వతం. అందువలన స్థానంవారి అభినయాన్ని యథాతథంగా అనుకరిస్తే తెర మీద అది అతిగా తోచేది. దానిని పూర్తిగా విడిచిపెడితే ప్రేక్షకులకు సత్యభామ అపరిచితురాలయ్యేది.

జమున ఈ రెండింటికి మధ్య మార్గాన్ని అనుసరించారు. నిటారుగా ఎత్తిన తల, ఓరచూపు, నడకలోని ఠీవి రంగస్థల సంప్రదాయాన్ని గుర్తుచేస్తాయి. పెదవి చివర మెరిసే చిరునవ్వు, క్షణంలో మారే కనుచూపు చలనచిత్రానికి తగినవి. తులాభార ఘట్టంలో ఆ ఠీవి సడలి దైన్యం చోటుచేసుకుంటుంది. మొదట గర్వాన్ని అంత నిండుగా నిలిపినందువల్లనే చివరి దైన్యం మన హృదయాన్ని తాకుతుంది.

స్థానంవారు 1971లోను, జమున 2023లోను కీర్తిశేషులయ్యారు. వారిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు సమాధానం వెదకడం కంటె, ఒక్కొక్కరు తమ మాధ్యమం కోరినదాన్ని ఎలా గుర్తించారో తెలుసుకోవడం మనకు ప్రయోజనకరం. పూర్వులపై గౌరవం ఉండాలి. ఆ గౌరవం అనుకరణగా మిగిలిపోకూడదు. నటనకే కాదు, పూర్వకవుల కావ్యాలు చదివి కొత్తగా కలం పట్టేవారికి కూడ ఈ మాట వర్తిస్తుంది.

ప్రశ్నలు
1. సత్యభామ గర్వం వెనుక ఉన్న భావాలను వివరించండి.
2. రంగస్థల నటనకు, చలనచిత్ర నటనకు గల భేదాలను తెల్పండి.
3. ‘మీరజాలగలడా’ అనే మాటలోని ప్రశ్నార్థకం అభినయానికి ఎలా తోడ్పడుతుంది?