అంతియోక నుంచి క్రిసాంథే దాకా: ఆడపిల్లకు గ్రీకు పేరు

ఓక్‌విల్ కెనడాలో ఒంటారియో సరస్సు ఒడ్డున, టొరంటోకూ హామిల్టన్‌కూ నడుమ ఉన్న పట్టణం. విలియమ్ చిషోమ్ 1827లో కొన్న భూమి మీద వెలసిన ఈ ఊళ్ళో 2021 జనగణన నాటికి 2,13,759 మంది నివసిస్తున్నారు. వారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఇలాంటి ఊళ్ళో ఆడపిల్ల పుట్టినప్పుడు తెలుగు తల్లిదండ్రులకు ఎదురయ్యే మొదటి చిక్కుల్లో పేరు ఒకటి. బడిలో ఉపాధ్యాయురాలు హాజరు పిలిచేటప్పుడు తడబడకూడదు. గుంటూరులోనో వరంగల్లులోనో ఉన్న నాయనమ్మ ఫోనులో పిలిచేటప్పుడూ తడబడకూడదు. ఈ రెండు షరతులకూ లొంగే పేర్ల కోసం వెతికేవారి దృష్టి కొన్నిసార్లు గ్రీకు పేర్ల మీదికి పోతుంది. సోఫియా, జోయి, క్లోయి వంటివి ఉత్తర అమెరికాలో ఇప్పటికే సర్వసాధారణం కనుక, అంతగా వినబడని గ్రీకు పేరు కావాలన్న కోరికా పుడుతుంది. వెంటనే పెద్దల నుంచి వచ్చే ప్రశ్న: ఇది మన పేరేనా?

ఆ ప్రశ్నను తోసిపుచ్చడం సులభం. నిజానికి దానికి భాషాచరిత్రలో జవాబు ఉంది. ఆ జవాబు పేరు ఎంపికకు పనికివచ్చే కొలమానాలను కూడా ఇస్తుంది.

బియ్యంలో రాసే పేరు, పత్రంలో రాసే పేరు

ఒంటారియోలో బిడ్డ పుట్టిన 30 రోజుల్లోగా జననాన్ని ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. అక్కడ పేరు రోమన్ అక్షరాల్లో ఉంటుంది; ఇంటిపేరు చివర చేరుతుంది. తెలుగువారి బారసాల సాధారణంగా పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో జరుగుతుంది కాబట్టి, రెండు కార్యాలూ ఒకే నెలలో పడతాయి. ఒకచోట తండ్రి బియ్యంలో ఉంగరంతో తెలుగు అక్షరాలు దిద్దుతాడు. మరోచోట అదే పేరుకు రోమన్ వర్ణక్రమం నిర్ణయిస్తాడు. క్లోయి వంటి చిన్న పేరుకు కూడా రోమన్ లిపిలో ఒకటికి మించిన వర్ణక్రమాలు వాడుకలో ఉన్నాయి కనుక, ఆ నిర్ణయం బిడ్డ జీవితాంతం మోసే నిర్ణయం.

నామకరణ సంప్రదాయం ఒకే పేరుతో తృప్తి పడలేదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. దేవతానామం, మాసనామం, నక్షత్రనామం, వ్యావహారికనామం అని నాలుగు పేర్లు చెప్పే పద్ధతి ఉంది. లోకం పిలిచే పేరు వీటిలో ఒకటి మాత్రమే. గ్రీకు పేరు వచ్చి కూర్చునే స్థానం అదే. మిగిలిన మూడింటికీ అది అడ్డు రాదు.

శాస్త్రగ్రంథాలు ఆడపిల్ల పేరుకు విధించిన లక్షణాలు కూడా ఆసక్తికరమైనవి. మనుస్మృతి రెండో అధ్యాయం ప్రకారం ఆ పేరు సుఖంగా పలకగలిగేదై, క్రూరత్వం లేనిదై, అర్థం స్పష్టమై, మనోహరమై, మంగళకరమై, దీర్ఘాచ్చుతో ముగియాలి. పారస్కర గృహ్యసూత్రం బేసి సంఖ్యలో అక్షరాలు ఉండాలంటుంది. ప్రాచీన గ్రీకు స్త్రీనామాల్లో చాలా వాటి చివర ఉన్నది దీర్ఘ ఏకారమే: ఇయాంథే, క్రిసాంథే, దాఫ్నే. మొదటి రెండింటిలో అక్షరాలు మూడేసి. ఈ నియమాలు పెట్టినవారికి గ్రీకు పేర్లు మనసులో లేవు. అయినా ఆ పేర్లు నియమాలకు లోబడుతున్నాయి.

తెలుగు నేల మీద యవన నామాలు

గ్రీకు పేరు తెలుగు నేలకు కొత్త కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుని శాసనాల్లో 'అంతియోక' అనే యవనరాజు ప్రస్తావన ఉంది. ఆయన సిరియాను ఏలిన ఆంటియోకస్. అంటే క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే ఒక గ్రీకు పేరు ఇక్కడి బండ మీద బ్రాహ్మీలిపిలో చెక్కబడింది. ఆ చెక్కడంలో పేరు చివరి సకారం రాలిపోయింది.

రెండువేల ఏళ్ళ తరువాత తెలుగు బైబిలు అనువాదకులు చాలాచోట్ల చేసిందీ అదే. గ్రీకు మూలంలోని డామరిస్ తెలుగులో దమరి అయింది. దొర్కాస్ దొర్కా అయింది. లోయిస్ లోయి అయింది. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. అనువాదకులు ఆ ఇష్టాన్ని మన్నించారు. ఫీబే, రోదే, లూదియ, యునీకే వంటి పేర్లు ఆ గ్రంథం ద్వారానే తెలుగు ఇళ్ళకు చేరాయి. కోస్తాలోనూ తెలంగాణలోనూ తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో గ్రీకు మూలం ఉన్న స్త్రీనామాలు తరాలుగా వాడుకలో ఉన్నాయి. ఆ ఇళ్ళలో అవి విదేశీ పేర్లు కావు, అమ్మమ్మల పేర్లు. గ్రీకు పేరుతో తెలుగు ఆడపిల్ల ఎలా పెరుగుతుందన్న ప్రశ్నకు జవాబు ఓక్‌విల్‌లో వెతకనవసరం లేదు, గుంటూరులోనే దొరుకుతుంది.

మూడో తోవ జ్యోతిషం. పేరుకు తొలి అక్షరం నిర్ణయించడానికి పంచాంగం తెరిచే ఇంట్లో కూడా గ్రీకు మాటలు వినబడుతూనే ఉంటాయి. 'హోర' గ్రీకు మాట. జాతకచక్రంలోని 'కేంద్రం' గ్రీకు 'కెంత్రోన్'. వరాహమిహిరుడు బృహజ్జాతకంలో రాశులకు చెప్పిన పర్యాయపదాలు గ్రీకు పేర్ల రూపాంతరాలే: మేషానికి క్రియ, వృషభానికి తావురి, కన్యకు పాథోన. ఈ చివరిది గ్రీకులో కన్య అనే అర్థం ఉన్న 'పార్థెనోస్'.

అదే జాబితాలో ఒక హెచ్చరిక కూడా ఉంది. కుంభరాశికి గ్రీకు పేరు 'హ్యుద్రొఖోఓస్', అంటే నీళ్ళు పోసేవాడు. సంస్కృతంలోకి వచ్చేసరికి అది 'హృద్రోగ' అయింది. శబ్దం దాదాపు నిలిచింది; అర్థం గుండెజబ్బుగా మారిపోయింది. రాశిపేరుకు ఇందువల్ల నష్టం లేదు. పిల్లపేరుకు ఉంటుంది.

తెలుగు నోటి పరీక్ష

కాబట్టి గ్రీకు పేరును ముందుగా తెలుగు చెవితో వినాలి. మెలీనా అనే పేరుకు గ్రీకులో తేనెతో సంబంధం ఉంది. అచ్చులు కొంచెం జారితే తెలుగులో అది 'మలిన' అవుతుంది. కావ్యదేవత కల్లియోపి పేరుకు మధురకంఠం అని అర్థం. కల్లిస్తా అంటే అత్యంత సౌందర్యవతి. కానీ ఈ రెంటి మొదటి సగంలో తెలుగువారికి వినిపించేది 'కల్ల', అంటే అబద్ధం, లేదా 'కల్లు'. పెనెలోపి పేరు చివర 'లోపం' తొంగిచూస్తుంది. ఓక్‌విల్ బడిలో ఎవరికీ తట్టని ఈ ధ్వనులు సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మేనత్త పిల్లలకు తప్పక తడతాయి.

రెండోది హల్లుల సంగతి. తెలుగు జకారం రెండు రకాలు. అ, ఉ, ఒ వర్గపు అచ్చుల ముందు అది దంత్యం: జోల, జొన్న. ఇ, ఎ వర్గపు అచ్చుల ముందు తాలవ్యం: జీతం, జెండా. అందువల్ల ప్రాణం అనే అర్థమున్న జోయి పేరును నాయనమ్మ పలికినా ఉపాధ్యాయురాలు పలికినా దాదాపు ఒకేలా ఉంటుంది. జెనోబియా అలా కాదు. రెండు నోళ్ళలో రెండు పేర్లవుతుంది. అతిథి మర్యాదను సూచించే క్సేనియాకు మరో ఇబ్బంది: తెలుగులో 'క్స'తో మాట మొదలవదు. 'క్షే' అని పలకడం దాని సహజ పరిణామం. ఇంగ్లీషులో అదే పేరు 'జీనియా' అవుతుంది.

ఇక ఐరిస్, ఆర్టెమిస్ వంటి సకారాంతాలకు వాడుకలో ఉకారం చేరి 'ఐరిస్సు' అవుతుంది. అది వద్దనుకుంటే దమరి, దొర్కాల తోవ ఉండనే ఉంది.

నక్షత్రపాదాన్ని బట్టి అక్షరం చూసేవారికి కూడా గ్రీకులో కరువు లేదు. స్వాతికి రూ, రే, రో, తా. పూర్వాభాద్రకు సే, సో, దా, దీ. మొదటిదానికి రోదే, రెండోదానికి దాఫ్నే సరిపోతాయి.

చుట్టరికమూ, పోలికా

గ్రీకు, సంస్కృతం ఒకే భాషాకుటుంబానివి. ఉషస్సుకు గ్రీకు తోబుట్టువు ఎయోస్. అమృతానికి అంబ్రోసియా. శుభాన్ని తెలిపే గ్రీకు 'యూ' ఉపసర్గ, సంస్కృతం 'సు' ఒకే మూలం నుంచి వచ్చినవి. అందుకే యూలాలియా అంటే సుభాషిణి. యునీకేలోని 'నీకే' విజయం కనుక ఆ పేరును సుజయ అనవచ్చు. ఓక్ చెట్టుకు గ్రీకు మాట 'ద్రూస్'. సంస్కృత దారువు దానికి బంధువు. ఓక్ పేరు పెట్టుకున్న ఊరికి ఇదీ ఒక సంగతి.

అయితే ఈ చుట్టరికం సంస్కృతానిది. ద్రావిడ భాష అయిన తెలుగుది కాదు. అచ్చతెలుగు పేర్లతో గ్రీకుకు కుదిరేది భావసామ్యం మాత్రమే, కానీ అది బలమైనది. ముత్యం అనే గ్రీకు మాట నుంచి వచ్చిన మార్గరెట్, మన ముత్యాలమ్మ. లేత చిగురు అనే అర్థమున్న క్లోయి, మన చివురు. బంగారు పువ్వు అనే అర్థమున్న క్రిసాంథే, మన చామంతి. ఆ పువ్వు శాస్త్రీయనామం క్రిసాంథిమమ్ కూడా ఆ రెండు మాటలతోనే ఏర్పడింది. కేవలం ధ్వనిలో కలిసేవి వేరు: గ్రీకు మాయియాకూ మన మాయకూ సంబంధం లేదు, యూలాలియాలో వినిపించే 'లాలి' కూడా యాదృచ్ఛికమే. పిల్ల పెద్దయి తన పేరు గురించి అడిగినప్పుడు ఏది చుట్టరికమో ఏది పోలికో తల్లిదండ్రులు నిజం చెప్పగలగాలి.

అర్థంతో పాటు కథ కూడా చూడాలి. దాఫ్నే అపోలో వెంటబడితే తప్పించుకోలేక చెట్టుగా మారిన కన్య. అరియాద్నే ప్రియుడు దీవిలో విడిచిపోయిన యువతి. కసాండ్ర నిజం చెప్పినా ఎవరూ నమ్మని ప్రవక్త్రి. తెలుగువారు సీత పేరు పెడతారు గానీ కైక పేరు పెట్టరు. కష్టపడిన స్త్రీ పేరు పట్ల వారికి జంకు లేదు, అపకీర్తి పట్లే జంకు. ఆ కొలతతో దాఫ్నే, అరియాద్నే నిలుస్తాయి. కసాండ్ర విషయం ఇంటివారే తేల్చుకోవాలి. బంగారు వన్నె జుట్టుగలది అనే అర్థమున్న జాంథీ పేరు నల్లని జడ వేసుకునే పిల్లకు పొసగదు.

అరుదు ఎవరికి?

అరుదైన పేరు అనడంలో ఒక మెలిక ఉంది. కల్లియోపి కెనడాలో వింతపేరు. గ్రీసులో అది పాతకాలపు ఇంటిపెద్దల పేరు. మొదటి మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టడం అక్కడ చాలా ప్రాంతాల ఆచారం, ఇక్కడి తెలుగు ఇళ్ళలో లాగానే. టొరంటో డాన్‌ఫర్త్ వీధిలోని గ్రీకు దుకాణంలో ఆ పేరు వినబడితే ఎవరూ తలెత్తి చూడకపోవచ్చు, తెలుగునాట వెంకాయమ్మ అంటే తలెత్తి చూడనట్టే. కొత్తదనం పేరులో లేదు, పేరు చేరిన చోటులో ఉంది. కేవలం కొత్తదనం కోసం ఎన్నుకున్న పేరుకు మరో చోట అది మిగలదు. అర్థం, ఉచ్చారణ, కథ మిగులుతాయి.

కనుక పెద్దల ప్రశ్నకు జవాబు ఇది: గ్రీకు పేరు మనది కాకపోదు, కానీ దానంతట అది మనది అయిపోదు. ఎర్రగుడి శాసనకర్త నుంచి బైబిలు అనువాదకుల దాకా, ఆ పేర్లను ఇక్కడి నోటికి తగ్గట్టు మలచుకున్నవారే వాటిని ఇక్కడివి చేశారు. ఓక్‌విల్‌లోని తల్లిదండ్రులు పత్రం నింపే ముందు ఆ పనే చేయవచ్చు: పేరును తెలుగులో రాసి చూడడం, నాయనమ్మ చేత పదిసార్లు పిలిపించడం, దానికి కి, తో, ని చేర్చి వాక్యాల్లో వాడి చూడడం. క్రిసాంథేకి పాలు పట్టారా, క్రిసాంథేతో ఆడుకోండి అన్న మాటలు ఇంట్లో తడబాటు లేకుండా సాగితే పేరు కుదిరినట్టే. సాగకపోతే పత్రంలో రెండో పేరుకు చోటు ఉంటుంది. అక్కడ చామంతి అని రాసుకోవచ్చు. రెండు పేర్లకూ అర్థం ఒకటే కనుక, పిల్లను ఎవరు ఏ పేరుతో పిలిచినా ఒకే పువ్వును పిలిచినట్టవుతుంది.