పళ్ళ మీద నీళ్ళ గుర్తులు

పిల్లలూ! అద్దం ముందు నిలబడి ఒకసారి మీ ముందు పళ్ళు చూసుకోండి. తెల్లగా, నున్నగా మెరుస్తున్నాయా? లేక సున్నం చుక్కల్లాంటి మచ్చలో, గోధుమరంగు చారలో ఉన్నాయా? అలాంటి పళ్ళు కనబడగానే "వీడు పళ్ళు తోముకోడు" అనేస్తారు చాలామంది. అది పొరపాటు. ఎంత తోమినా పోని మచ్చలు కొన్ని ఉన్నాయి. పన్ను ఇంకా చిగురు లోపల ఉండగానే వాటికి పునాది పడుతుంది. అదెలాగో తెలుసుకుందాం.

మెకే పట్టుదల

1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి వచ్చాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళలో చాలామంది పళ్ళు గోధుమరంగు మరకలతో ఉన్నాయి. పెద్దయ్యాక ఆ ఊరు చేరినవాళ్ళకు మాత్రం మరకలు లేవు! ఇంకో వింత ఏమిటంటే, మరకలున్న పళ్ళు అంత తొందరగా పుచ్చిపోవడం లేదు.

మెకేకు నీళ్ళ మీద అనుమానం కలిగింది. 1923లో ఆయన ఇడాహో రాష్ట్రంలోని ఓక్లీ అనే ఊరికి వెళ్ళాడు. దూరాన ఉన్న వెచ్చని ఊట నుంచి గొట్టాలు వేసి నీళ్ళు తెచ్చుకున్నాకే తమ పిల్లలకు మచ్చలు మొదలయ్యాయని అక్కడి తల్లిదండ్రులు చెప్పారు. ఆ నీళ్ళు మానేయమని ఆయన సలహా ఇచ్చాడు. ఊరివాళ్ళు మానేశారు. కొన్నేళ్ళు గడిచేసరికి చిన్నపిల్లలకు కొత్తగా వచ్చిన పళ్ళు మచ్చలేకుండా వచ్చాయి!

ఇంతకీ ఆ నీళ్ళలో ఏముంది? 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ గుట్టు విప్పాడు. మచ్చల పళ్ళున్న ఊళ్ళ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువగా ఉంది.

పరంజా తీయకపోతే?

పన్ను మీద మెరిసే పొరను పింగాణి అంటారు. మన శరీరంలో దానికంటే గట్టి పదార్థం లేదు. బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే.

చిగురు లోపల కొన్ని ప్రత్యేక కణాలు ఈ పొరను కడతాయి. తాపీపనివాళ్ళు ముందు పరంజా కట్టి, గోడ లేచాక దాన్ని విప్పేస్తారు కదా! ఈ కణాలు కూడా అంతే. ముందు ప్రోటీన్లతో ఒక వల అల్లుతాయి. ఖనిజం పేరుకొనేకొద్దీ ఆ ప్రోటీన్లను తొలగిస్తాయి. నీళ్ళలో ఫ్లోరైడు మితిమీరితే ఈ తొలగింపు ఆలస్యమవుతుంది. ఖనిజం పూర్తిగా నిండక పింగాణిలో సన్నని ఖాళీలు మిగిలిపోతాయి. అవే తెల్లని మచ్చలు. పన్ను బయటికి వచ్చాక ఆ ఖాళీల్లోకి రంగులు ఇంకి, మచ్చలు గోధుమరంగుకు తిరుగుతాయి.

మరి పింగాణిని మళ్ళీ కట్టుకోవచ్చా? వీలుకాదు. పన్ను బయటికి వచ్చేసరికి ఆ కణాలు నశిస్తాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది, కానీ పింగాణి తిరిగి పెరగదు. జ్ఞానదంతాలు తప్ప మిగిలిన శాశ్వత దంతాల పింగాణి దాదాపు ఎనిమిదేళ్ళ వయసుకే తయారైపోతుంది.

మన ఊళ్ళలో

మన దేశంలో ఈ వ్యాధిని, అంటే ఫ్లోరోసిస్‌ను, 1937లో షార్ట్, ఆయన సహచరులు వెల్లడించారు. ఎక్కడో తెలుసా? ఆనాటి నెల్లూరు జిల్లాలోని పల్లెల్లోనే! నల్గొండ జిల్లా కూడా ఈ వ్యాధితో ఎన్నో ఏళ్ళు బాధపడింది. అక్కడి గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు భూగర్భ జలంలోకి కరుగుతుంది. అలాంటి నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు కూడా బిగుసుకుపోతాయి. కొందరికి నడుము వంగిపోతుంది.

దీనికి విరుగుడుగా 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ ఒక పద్ధతి రూపొందించింది. నీళ్ళలో తగిన పాళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపితే తెట్టు కడుతుంది. అది ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్ళు వడకట్టుకోవాలి. దీని పేరే "నల్గొండ పద్ధతి"! తర్వాత 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం కృష్ణా, గోదావరి నీళ్ళను శుద్ధిచేసి తెలంగాణ పల్లెలకు అందించింది.

మీరేం చేయాలి?

తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 దాకా అనుమతిస్తారు. రుచిని బట్టి, రంగును బట్టి దీన్ని కనిపెట్టలేం. కాచినా ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అందుకే బోరు నీళ్ళను తప్పక పరీక్ష చేయించాలి. మీ మాస్టారిని అడిగి, మీ బడి బోరు నీళ్ళకు పరీక్ష జరిగిందో లేదో కనుక్కోండి.

కొద్దిపాటి ఫ్లోరైడు పళ్ళు పుచ్చకుండా కాపాడుతుంది. టూత్‌పేస్టులో కలిపేది అందుకే. కానీ పేస్టును మింగకూడదు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు బఠానీగింజంత చాలు.

మీ ముందు పళ్ళ పింగాణి తయారీ ఎప్పుడో ముగిసింది. కానీ మీ ఇంట్లో పాలపళ్ళ తమ్ముడో, చెల్లెలో ఉంటే వాళ్ళ చిగుళ్ళలో ఆ పని ఇంకా సాగుతూనే ఉంది. వాళ్ళ గ్లాసులో ఏ నీళ్ళు పోస్తున్నారో ఈ రోజే అమ్మానాన్నలను అడగండి. మీ తరగతిలో మచ్చల పళ్ళ నేస్తం ఉంటే నవ్వకండి. తప్పు ఆ నేస్తానిది కాదు, నీళ్ళది!